బడి తెరిచి ఉన్నప్పుడే చేసుకోవాల్సిన ఏర్పాట్లు

(ప్రధానోపాధ్యాయులు, సీఆర్పీలు అంటే కొన్ని బడులకు కలిపి ఉండే క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు, తల్లిదండ్రుల కమిటీ సభ్యుల కోసం ఒంగోలులో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం. తడబాట్లు తప్ప మరేమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు దయచేసి ముందుకు రండి, ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కందుకూరు నుంచి, కనిగిరి నుంచి, అటు కావలి నుంచి కూడా వచ్చారని చెప్పారు. ఎండలో అంత దూరం నుంచి వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

2020 మార్చి 12. మన రాష్ట్రంలో మొదటి కోవిడ్ కేసు బయటపడింది ఎక్కడ? మన పక్కనే, నెల్లూరులో. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మహమ్మారి అని ప్రకటించి అప్పటికి ఒక్క రోజు అయింది. మార్చి 19 నుంచి రాష్ట్రంలో బడులన్నీ మూశారు. అంటే మొదటి కేసుకీ, బడికి తాళం వెయ్యడానికీ మధ్య వారం. వారమే. ఆ వారంలో ఏ బడి అయినా కూర్చుని, ఆలోచించి, కొత్తగా ఏర్పాట్లు చేసుకోగలదా? చేసుకోలేదు. ఆ రోజుకి రిజిస్టర్‌లో ఏం ఉందో, బీరువాలో ఏం ఉందో, దానితోనే నెట్టుకు రావాలి.

తర్వాత ఏమైందో తేదీలతో చెప్తాను, ఎందుకంటే తేదీలు మర్చిపోతే నష్టం ఎంతో కూడా మర్చిపోతాం. 9, 10 తరగతులకు 2020 నవంబరు 2న తలుపులు తెరిచారు. ఒకటి నుంచి ఐదు తరగతుల పిలకాయలకు 2021 ఫిబ్రవరి 1న. మళ్లీ ఏప్రిల్ 20 నుంచి ఒకటి నుంచి తొమ్మిది దాకా మూత. మళ్లీ ఆగస్టు 16న తెరిచారు. ఇప్పుడు 2019 జూన్‌లో ఒకటో తరగతిలో చేరిన పిల్ల సంగతి చూడండి. గుణింతాలు అయ్యి ఒత్తులు మొదలయ్యే వేళకి బడి మూశారు. రెండో తరగతి మొత్తానికి ఆ పిల్ల బడిలో కూర్చున్నది రెండున్నర నెలలు. ఆగస్టులో వచ్చేసరికి ఆ పిల్ల మూడో తరగతి. చేతిలో మూడో తరగతి పుస్తకం. ఒత్తులు రాని పిల్ల ఆ పుస్తకాన్ని ఏం చేసుకుంటుంది చెప్పండి?

మహమ్మారి వచ్చాక ఏం చెయ్యాలి అన్నది ఈరోజు నా విషయం కాదు. బడి తెరిచి ఉన్నప్పుడు, ఇవాళ, రేపు, ఈ నెలలో ఏం చేసి పెట్టుకోవాలి అన్నదే నా విషయం. మూసిన తర్వాత చేసే ప్రతి పనీ ముందు చేసి పెట్టుకున్నదాని మీదే నడుస్తుంది. ఇంకోటి, ఇది కోవిడ్ కోసమే అనుకోవద్దు. 2021 ఆగస్టులో తెరిచిన బడులు ఆ నవంబరులో పెన్నా వరదకి నెల్లూరు వైపు మళ్లీ మూతపడ్డాయి. తుపాను మనకి కొత్త కాదు. ఒకసారి ఈ ఏర్పాటు చేసుకుంటే అన్నిటికీ పనికొస్తుంది.

సరే, మొదటిది రిజిస్టర్. ఫోన్ కాదు, యాప్ కాదు. రిజిస్టర్.

అడ్మిషన్ రిజిస్టర్‌లో ఒక ఫోన్ నంబరు ఉంటుంది. అది ఎవరిది? ఆధార్‌కి లింకు చేసిన నంబరు, మూడేళ్ల కిందటిది. ఆ సిమ్ ఇప్పుడు వాడుతున్నారా? తెలియదు. ఉన్నా, ఆ ఫోన్ పగలు ఎక్కడ ఉంటుంది? తీరం ఊళ్లలో నాన్నతో పాటు సముద్రం మీదకి పోతుంది. రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే ఆయన ఫోన్ గుంట దగ్గరే ఉంటుంది. చీమకుర్తి వైపు క్వారీలో ఉంటుంది. మీరు పది గంటలకి క్లాసు పెడితే ఆ ఇంట్లో ఫోనే లేదు. "ఫోన్ ఉంది" అని రాసుకుంటాం, "పిలకాయ క్లాసుకి రాలేదు" అని కూడా రాసుకుంటాం. రెండూ నిజమే. మధ్యలో ఉన్నది ఏ గంటకి ఆ ఫోన్ ఇంటికి వస్తుంది అన్న గడి. ఆ గడి మన రిజిస్టర్‌లో లేదు.

అప్పట్లో ప్రభుత్వం పిల్లల్ని మూడు రకాలుగా లెక్క తీసింది, గుర్తుందా? హైటెక్, లోటెక్, నోటెక్ అని. కంప్యూటరో స్మార్ట్‌ఫోనో ఉన్నవాళ్లు, టీవీనో రేడియోనో ఉన్నవాళ్లు, ఏదీ లేనివాళ్లు. ఆలోచన మంచిది. కానీ ఒక స్మార్ట్‌ఫోన్, ముగ్గురు పిలకాయలు ఉన్న ఇల్లు ఏ రకం? నెలలో పది రోజులు రీచార్జ్ అయిపోయి ఉండే ఇల్లు ఏ రకం? కాబట్టి మన రిజిస్టర్‌లో గడులు ఇంకొంచెం వివరంగా ఉండాలి. రాసుకోండి.

రెండు ఫోన్ నంబర్లు, రెండోది పక్కింటివాళ్లదో మేనమామదో. ఫోన్ మామూలు కీప్యాడ్‌దా, స్మార్ట్‌దా. ఇంట్లో ఏ గంట నుంచి ఏ గంట దాకా ఉంటుంది. ఆ ఫోన్ మీద ఎంతమంది పిలకాయలు ఆధారపడ్డారు. టీవీ ఉందా, పనిచేస్తుందా. ఇంట్లో తెలుగు చదవగలిగిన మనిషి ఎవరు, అమ్మా, అక్కా, తాతా? ఇంట్లో మాట్లాడే భాష ఏది, ఎందుకంటే క్వారీల దగ్గర ఒడిశా కుటుంబాలు ఉన్నాయి, తండాల్లో ఇంటి భాష వేరు. కుటుంబం వలస పోతుందా, పోతే ఏ నెలలో, ఎక్కడికి. పిలకాయకి ఉబ్బసం, ఫిట్స్, గుండె జబ్బు లాంటివి ఉన్నాయా. ఏ వీధి, ఏ గుంపు. అంతే. ఒక పిలకాయకి ఒక వరుస.

ఇది ఎప్పుడు నింపాలి? జూన్‌లో ఒకసారి, దసరా సెలవుల తర్వాత ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి. ఏడాదికి ఒక్కసారి అంటే చాలదు, సిమ్‌లు అంత వేగంగా మారతాయి. సరిచూసే పద్ధతి కూడా ఒక్కటే. ఒక సాయంత్రం, ఆరున్నర నుంచి ఎనిమిది దాకా, టీచర్లందరూ పంచుకుని ప్రతి నంబరుకీ ఫోన్ చెయ్యండి. మోగిందా, ఎత్తిందెవరు, పిలకాయ పేరు చెప్తే గుర్తుపట్టారా. మోగని నంబరుకి ఎర్ర సిరాతో గీత. మర్నాడు ఆ పిలకాయల చేత చీటీ పంపి కొత్త నంబరు తెప్పించుకోండి. బడి నడుస్తుంటే ఇది ఒక్క రోజు పని. బడి మూశాక నెల పని, అప్పటికి కొందరు ఊళ్లోనే ఉండరు.

ఇంకో చిన్న విషయం, చిన్నదే కానీ ఇక్కడే దెబ్బ తింటాం. ఈ రిజిస్టర్ ఎక్కడ ఉంటుంది? బడి బీరువాలో. బడికి తాళం. బీరువాకి తాళం. కంటైన్‌మెంట్ జోన్ అని వీధికి కర్రలు కట్టేశారు. అప్పుడెట్లా? కాబట్టి రెండు కాపీలు. ఒకటి హెచ్చెమ్ గారి ఇంట్లో, ఒకటి సీఆర్పీ దగ్గర. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టొద్దు. ఆడపిల్లల ఇళ్ల నంబర్లు, జబ్బుల వివరాలు అందులో ఉన్నాయి, అవి పదిమంది చేతుల్లోకి పోకూడదు.

రెండోది, గుంపులు. వీధిని బట్టి ఐదారుగురు పిలకాయలు ఒక గుంపు. తరగతిని బట్టి కాదు, వీధిని బట్టి. ఎందుకని? ఆంక్షలు ఉన్నప్పుడు పిలకాయ వీధి దాటకూడదు, టీచర్ వీధి చివర అరుగు దగ్గరికి రాగలరు. 60 మంది, ఇద్దరు టీచర్లు ఉన్న ప్రైమరీ బడి తీసుకుందాం. మన దగ్గర ఇట్లాంటివే ఎక్కువ. ఆరుగురి చొప్పున పది గుంపులు. ఒక్కో టీచర్‌కి ఐదు గుంపులు, రోజుకి ఒకటి, వారంలో ఒకసారి ప్రతి గుంపునీ చూడొచ్చు. ఒక్కో గుంపు దగ్గర గంటన్నర. చెట్టు కింద, గాలి ఆడే చోట, మాస్కు పెట్టుకుని. వారంలో ఒక్క గంటన్నరేనా అంటారేమో. పిలకాయ ఎదురుగా కూర్చుని, గట్టిగా చదివించి, తప్పు అప్పటికప్పుడు సరిచేసే గంటన్నర అది. చిన్న తరగతులకి ఏ వీడియో ఆ పని చెయ్యదు.

ఒక టీచర్‌కి జ్వరం వస్తే? ఆ ఐదు గుంపులకీ రెండో పేరు ముందే రాసి ఉండాలి. పక్క ఊరి బడి టీచర్ అయినా సరే, చుట్టుపక్కల బడులవాళ్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో కూర్చుని జతలు వేసుకోవాలి. ఊళ్లో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు సాయానికి వస్తారు, రానివ్వండి. కానీ వాళ్లకి పని స్పష్టంగా చెప్పండి. కొత్త పాఠం చెప్పడం వాళ్ల పని కాదు. పిలకాయ చదువుతుంటే వినడం, ఎక్కాలు అప్పజెప్పించుకోవడం, కాగితాలు పంచి తిరిగి తేవడం, ఈ మూడే. పాఠం చెప్పమంటే ఏమవుతుంది? తమకి చిన్నప్పుడు ఎట్లా చెప్పారో అట్లా చెప్తారు, కేకలేస్తారు, పిలకాయ రెండో వారం రాడు.

మూడోది కాగితం. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మన ఊళ్లలో అన్ని ఇళ్లకీ చేరేది ఇదొక్కటే. నల్లమల గూడేల్లో సిగ్నల్ రాదు. కాగితం మాత్రం చేరుతుంది.

లెక్క చెప్తాను. ఒక పిలకాయకి రోజుకి రెండు షీట్లు, ఒకటి భాష, ఒకటి లెక్కలు. రెండు వారాలకి 12 పనిదినాలు, 24 షీట్లు. 60 మందికి 1,440 షీట్లు. రీముకి 500, అంటే మూడు రీములు. మూడే మూడు రీములు. మొదటి రెండు వారాల ప్యాకెట్ ముందే అచ్చు వేయించి, తరగతివారీగా కట్టలు కట్టి, చెద పట్టకుండా ట్రంకు పెట్టెలో పెట్టుకోవాలి. ఎందుకు ముందే? లాక్‌డౌన్ రోజున జిరాక్సు షాపు కూడా మూసి ఉంటుంది. 2020 మార్చి 25న అంతా మూసేశారు కదా, ఆ రోజు అచ్చు ఎక్కడ వేయిస్తారు?

షీట్లు ఎక్కడ దెబ్బతింటాయి? ఒకటి, సూచన చదవడం రాని పిలకాయకి సూచన రాసి ఇస్తాం. "కింది ఖాళీలను సరైన పదాలతో పూరింపుము." ఒకటో తరగతి పిల్ల అది చదవగలిగితే ఆ షీటే అక్కర్లేదు. ఒకటి, రెండు తరగతులకి సూచన బొమ్మలో ఉండాలి, మొదటి ఖాళీ మీరే నింపి చూపించాలి. రెండు, షీటులో కొత్త విషయం పెడతాం. వద్దు. ఇంట్లో చేసే షీటులో మూడొంతులు వచ్చినదే ఉండాలి, ఒక వంతే కొత్తది. అంతా కొత్తదైతే అమ్మని అడుగుతుంది, అమ్మకి తెలియదు, షీటు మూల పడుతుంది. మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, దిద్దకపోవడం. పిలకాయ చేసిన షీటు తీసుకుని మనం దిద్ది ఇవ్వకపోతే, మూడో వారం నుంచి తెల్ల కాగితాలే తిరిగి వస్తాయి. సోమవారం ఇచ్చినవి శనివారం తీసుకోవాలి, వచ్చే సోమవారం దిద్దినవి చేతికి ఇవ్వాలి. 24 షీట్లూ దిద్దమని అనను. వారానికి రెండు షీట్లు ఎంచుకుని, ఒక్కో షీటు మీద ఒక్క మాట రాయండి. "తీసివేత లెక్కల్లో అప్పు తీసుకోవడం మర్చిపోతున్నావు, మూడోది మళ్లీ చెయ్యి." ఆ ఒక్క మాట చాలు. "గుడ్" అని రాస్తే పిలకాయకి ఏం తెలుస్తుంది?

కాగితం ముట్టుకుంటే జబ్బు వస్తుందని మొదట్లో మూడు రోజులు ఎండలో పెట్టినవాళ్లున్నారు. కోవిడ్ ముఖ్యంగా గాలి ద్వారా వచ్చేది. చేతులు కడుక్కుని కాగితాలు తీసుకుంటే సరిపోతుంది, ఆ భయంతో పంపకం ఆపొద్దు.

పలక సంగతి మర్చిపోయాం మనం. మార్కాపురం పలకలు దేశమంతా పోయేవి, మన పిలకాయల సంచీలో మాత్రం ఇప్పుడు పలక లేదు. ఒకటి, రెండు తరగతుల్లో ప్రతి ఇంట్లో ఒక పలక, పది బలపాలు ఉంటే సగం షీట్ల పని తప్పుతుంది. రాసి, చూపించి, చెరిపి, మళ్లీ రాయొచ్చు. స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇంట్లో అక్క పలకని ఫొటో తీసి పంపుతుంది. ఖర్చు తక్కువ, పని ఎక్కువ.

బడి లైబ్రరీ పుస్తకాలు కూడా అంతే. బడి మూసిన రోజు ఆ పుస్తకాలు బీరువాలో ఉంటే వాటివల్ల ఎవరికి లాభం? ప్రతి పిలకాయకీ రెండు కథల పుస్తకాలు ఇచ్చి పంపండి. గుంపులో ఆరుగురు ఉంటే 12 పుస్తకాలు, తిప్పుకుని చదువుకుంటారు. చిరిగిపోతాయంటారా? చిరగనివ్వండి. తాళం వేసిన బీరువాలో చెద తినేదానికన్నా పిలకాయ చేతిలో చిరగడం మేలు.

ఇవన్నీ కలిపి ఒక జాబితా చేసుకోవాలి, మూసే రోజు జాబితా. మూసేముందు 24 గంటలు దొరికితే ఏం చెయ్యాలి? ప్రతి పిలకాయ సంచీలో పాఠ్యపుస్తకాలు, రెండు కొత్త నోట్సులు, పలక, రెండు వారాల ప్యాకెట్, రెండు కథల పుస్తకాలు, టీచర్ నంబరూ ఫోన్ చెయ్యాల్సిన టైమూ రాసిన చీటీ. చీటీ సంచీలో కాదు, ఇంట్లో గోడకి అంటించాలి. ఏడాదికి ఒక శనివారం ఇది ఉత్తినే చేసి చూడండి. నిజంగా సంచులు నింపి పంపండి, సోమవారం తిరిగి తెమ్మనండి. ఎన్ని తక్కువయ్యాయి, ఎంతసేపు పట్టింది, ఎవరి చీటీ తప్పు, అన్నీ ఆ రోజే తేలతాయి.

ఇప్పుడు ఫోన్, టీవీ. నేను వద్దనడం లేదు. వాటి స్థానం నాలుగోది అంటున్నాను. బడి మూసినప్పుడు గాలిలో పాఠం పంపడం కొత్త విషయం కాదు. 1937లో అమెరికాలో, చికాగోలో పోలియో వచ్చి బడులు ఆగితే రేడియోలో పాఠాలు చెప్పారు, పేపర్లో ఏ గంటకి ఏ పాఠమో అచ్చువేశారు. 2014లో ఎబోలా వచ్చినప్పుడు సియెర్రా లియోన్‌లో బడులు మరుసటి ఏడు ఏప్రిల్ దాకా తెరవలేదు, అక్కడా రేడియో పాఠాలే. మనకి దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతి పాఠాలు వచ్చాయి. అన్ని చోట్లా ఇబ్బంది ఒక్కటే. పాఠం ఇటు వస్తుంది, పిలకాయ సందేహం అటు పోదు.

కాబట్టి టీవీ పాఠం ఉన్న రోజు మన పని ఇది. పాఠానికి ముందు పుస్తకంలో ఏ పేజీ తీసి పెట్టుకోవాలో వాయిస్ మెసేజ్. పాఠం తర్వాత మూడు ప్రశ్నలు. సాయంత్రం గుంపుకి ఒక కాన్ఫరెన్స్ కాల్. కీప్యాడ్ ఫోన్ ఉన్నా చాలు, ఫోన్ ఎత్తితే కలుస్తుంది, కలపాల్సింది టీచర్ ఫోనే. సాధారణంగా ఐదుగురిని కలపొచ్చు. పదిహేను నిమిషాలు. ఒక్కొక్కరి చేత ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పించండి. ఎప్పుడు? ఫోన్ ఇంటికొచ్చే వేళకి, అంటే మీ రిజిస్టర్‌లో ఆ గడిలో ఉన్న వేళకి.

గంటసేపు లైవ్ వీడియో క్లాసు అంటే కొన్ని వందల ఎంబీ డేటా. ఇద్దరు పిలకాయలుంటే రోజుకి వచ్చే ఒకటిన్నర జీబీ మధ్యాహ్నానికే అయిపోతుంది. పది నిమిషాల వాయిస్ మెసేజ్ రెండు మూడు ఎంబీలకి మించదు. ఏది పంపాలో మీరే చెప్పండి. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి, ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షలో తెరుచుకుంటాయి. సిగ్నల్ బాగున్న చోట ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే తర్వాత నెట్ లేకుండా చూడొచ్చు. ఇది కూడా బడి తెరిచి ఉన్నప్పుడు పిలకాయలకీ, అమ్మలకీ నేర్పించాల్సిన పనే. ఇక ఎంతసేపు? 2020 జులైలో కేంద్రం ప్రజ్ఞత పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటి నుంచి ఎనిమిది తరగతులకి రోజుకి రెండు క్లాసులు, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు, అంతకు మించొద్దని. 9 నుంచి 12కి నాలుగు. ప్రైవేటు బడులవాళ్లు కూడా ఉన్నారు కదా ఇక్కడ, ఈ మాట మీకే. పొద్దున తొమ్మిది నుంచి రెండు దాకా చిన్నపిలకాయల్ని తెర ముందు కూర్చోబెట్టడం తప్పు.

అన్నం సంగతి. దీన్ని చదువు నుంచి వేరుచేసి చూడొద్దు. మధ్యాహ్న భోజనం కింద ప్రైమరీ పిలకాయకి రోజుకి 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి ఎనిమిది తరగతులకి 150 గ్రాములు. 12 పనిదినాలకి 1.2 కిలోలు, 1.8 కిలోలు. గుడ్లు, చిక్కీలు దానికి అదనం. అప్పట్లో ఇవి ఇళ్లకి పంచారు. నేను చెప్పేది ఒక్కటి. బియ్యం ఇచ్చే రోజూ, షీట్లు మార్చుకునే రోజూ ఒకటే అవ్వాలి. బియ్యం కోసం అమ్మ తప్పకుండా వస్తుంది. అదే బల్ల మీద పాత షీట్లు తీసుకుని కొత్తవి ఇవ్వండి, అదే బల్ల దగ్గర "ఫోన్ నంబరు మారిందా?" అని అడగండి. రెండు బల్లలు, రెండు రోజులు పెడితే రెండో రోజు సగం మందే వస్తారు. అరగంటకి పదిమంది చొప్పున టైము ఇస్తే జనం గుమిగూడరు.

ఐరన్ మాత్రలు కూడా బడితో పాటే ఆగిపోతాయి. ప్రైమరీ పిలకాయలకి వారానికి ఒకటి గులాబీ రంగుది, పెద్దవాళ్లకి నీలం రంగుది. మన ఆడపిల్లల్లో రక్తహీనత ఎంతో మీకు తెలుసు. ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం గారితో మాట్లాడి నాలుగు వారాలవి అమ్మ చేతికి ఇప్పించండి. అమ్మ చేతికే, పిలకాయ చేతికి కాదు. ఇంట్లో పసిపిల్లలు ఐరన్ మాత్రలు గుప్పెడు మింగితే ప్రాణం మీదకి వస్తుంది. ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా తప్పిపోకుండా చూడాలి.

ఇక తెరిచే రోజు. నెలల తరబడి మూసిన బడిని తెరవడానికి వారం ముందు పని మొదలవ్వాలి. నీళ్ల ట్యాంకు కడిగించి, కుళాయిలు కాసేపు వదిలి, నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో గ్రామీణ నీటి సరఫరా శాఖ, అదే ఆర్‌డబ్ల్యుఎస్ వాళ్ల కిట్‌తో చూపించండి. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ తీసెయ్యడానికి ఆర్వో ప్లాంట్లు పెట్టిన బడులు ఉన్నాయి. వాడకుండా నెలలు వదిలేస్తే లోపల పొరలు పాడవుతాయి, ఫిల్టర్లు మార్చకుండా ఆ నీళ్లు తాగనివ్వొద్దు. మిగిలిపోయిన బియ్యం పురుగు పట్టి ఉంటుంది, వండొద్దు. మరుగుదొడ్ల చుట్టూ పొదలు కొట్టించండి, పాములుంటాయి.

బ్లీచింగ్ లెక్క చాలామంది తప్పు వేస్తారు. నేల, బల్లలు తుడవడానికి ఒక శాతం ద్రావణం కావాలంటే, 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ లీటరు నీళ్లకి 33 గ్రాములు. పది లీటర్ల బకెట్‌కి 330 గ్రాములు. కలిపి, తేరనిచ్చి, పైనున్న తేట వాడాలి. ఏ రోజుది ఆ రోజే. తెరిచి పెట్టిన పాత సంచిలో పౌడర్‌కి బలం ఉండదు. మరుగుదొడ్డి యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది, ఆయాకి ఇది నోటితో చెప్పి, గోడమీద కూడా రాయండి. పిలకాయల మీద చల్లడం, పిచికారీ చెయ్యడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

కానీ తుడవడం కన్నా గాలి ముఖ్యం. సీలింగ్ ఫ్యాన్ గదిలో గాలినే తిప్పుతుంది, బయట గాలి తేదు. ఎదురెదురు కిటికీలు తెరిచి ఉండాలి. తరగతిలో పాఠాలు చూపించే డిజిటల్ ప్యానెల్ మీద బొమ్మ బాగా కనపడాలని కిటికీలు మూసేస్తున్నారు, అది ఆపండి. కొలవాలంటే కార్బన్ డయాక్సైడ్ మీటర్ ఉంది. బయట గాలిలో 420 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 420 భాగాల దగ్గర ఉంటుంది, గదిలో 800 దాటితే గాలి చాలడం లేదని అర్థం. బడికొకటి అక్కర్లేదు, మండలానికి ఒకటి కొని తిప్పుకోండి. ఏ గదిలో ఎంతమంది దాకా కూర్చోవచ్చో తలుపు మీద రాసేయండి.

20 అడుగుల చదరపు గది. ఆరడుగుల దూరం పాటించమంటే ఒక్కొక్కరికి 36 చదరపు అడుగులు, 11 మంది. టీచర్ చోటు తీసేస్తే పది మంది. అంటే 30 మంది తరగతి మూడు జట్లవుతుంది, ఒక్కో జట్టు వారానికి రెండు రోజులు. మూడడుగులైతే 30 మందీ సరిపోతారు. ఏ నిబంధన వస్తే ఏ టైమ్‌టేబులో, రెండూ ముందే రాసి పెట్టుకోవాలి. చేతులు కడగడానికి కూడా లెక్క ఉంది. 100 మంది, ఐదు కుళాయిలు, మనిషికి నిమిషం, మొత్తం 20 నిమిషాలు. భోజనం బెల్లు అందరికీ ఒకేసారి కొడితే సబ్బు దగ్గర తోపులాటే. తరగతికొక బెల్లు కొట్టండి.

జట్లు చెయ్యాల్సి వస్తే ఎవరు రోజూ రావాలి? పదో తరగతి అంటారు అందరూ. పరీక్ష ఉంది కాబట్టి అంటారు. నా అభిప్రాయం వేరు, గట్టిగానే చెప్తాను. ఒకటి, రెండు తరగతులు రోజూ రావాలి. పదో తరగతి పిలకాయ పుస్తకం చదువుకోగలడు, ఫోన్లో వినగలడు. ఒకటో తరగతి పిలకాయకి టీచర్ ఎదురుగా లేకపోతే అక్షరం రాదు. చిన్నపిలకాయలకి ఆ జబ్బు ప్రమాదం కూడా తక్కువగా ఉందని చెప్పి, 2021 జులైలో భారత వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్ కూడా ప్రైమరీ బడులు ముందు తెరవడం మంచిదంది. వచ్చే జబ్బు వేరే రకంగా ఉండొచ్చు, డాక్టర్లు ఏం చెప్తే అది. కానీ చదువు వైపు నుంచి చూస్తే మొదటి వరుస చిన్నవాళ్లదే.

నూటికి నూరు హాజరుకి బహుమతులు ఇస్తుంటాం. జబ్బుల కాలంలో ఆపెయ్యండి. జ్వరంతో ఉన్న పిలకాయని ఆ బహుమతే బడికి తెస్తుంది.

తెరిచాక మొదటి పని పాఠం కాదు, ఎవరికి ఏం వచ్చో చూడటం. అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం వాళ్లు 2021 జనవరిలో ఐదు రాష్ట్రాల్లో 16,067 మంది పిల్లల్ని చూశారు, రెండు నుంచి ఆరు తరగతులవాళ్లని. అంతకుముందు ఏడు వచ్చిన భాషా నైపుణ్యాల్లో కనీసం ఒకటి పోగొట్టుకున్నవాళ్లు 92 శాతం. లెక్కల్లో 82 శాతం. గమనించండి, కొత్తది నేర్చుకోకపోవడం ఒక ఎత్తు, వచ్చింది పోవడం ఇంకో ఎత్తు. మన రాష్ట్రం అందులో లేదు. మన పిలకాయలు దీనికి వేరుగా ఉంటారని అనుకోవడానికి మాత్రం నాకు కారణం కనపడదు.

ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. అక్షరాలు, మాటలు, నాలుగు వాక్యాల పేరా, చిన్న కథ, ఎక్కడిదాకా చదివారో ఆ గడిలో టిక్కు. లెక్కల్లో అంకెలు గుర్తించడం, రెండంకెల కూడిక, అప్పు తీసుకునే తీసివేత, భాగహారం. 35 మందికి మూడు గంటలు, మూడు రోజుల్లో అవుతుంది. తర్వాత రోజుకి గంటన్నర, ఎనిమిది వారాలు, తరగతి లెక్క పక్కనపెట్టి స్థాయిని బట్టి కూర్చోబెట్టండి. మూడు, నాలుగు, ఐదు తరగతులవాళ్లు కలిసే కూర్చుంటారు. గుంపులకి "డల్", "యావరేజ్" అని పేర్లు పెట్టొద్దు, పూల పేర్లో ఏరుల పేర్లో పెట్టండి. రెండు వారాలకోసారి మళ్లీ చూసి పైకి జరపండి, జరపకపోతే ఆ గుంపే వాళ్ల శాశ్వత స్థానం అయిపోతుంది. మరి సిలబస్? పై తరగతికి ఆధారమయ్యేవి ఉంచండి, స్థానవిలువ, నాలుగు ప్రక్రియలు, భిన్నాలు, ధారాళంగా చదవడం. మిగతావి తగ్గించండి. ఏవి తగ్గించాలో కూడా ఇప్పుడే కాంప్లెక్స్‌లో కూర్చుని గుర్తుపెట్టుకోండి.

రానివాళ్ల సంగతి చివరికి పెట్టాను, తక్కువదని కాదు. తెరిచిన పదో రోజుకి రాని ప్రతి పేరూ ఒక జాబితాలో ఉండాలి. ఎనిమిది నుంచి పది చదివే ఆడపిల్లలు ముందు. ఇంటికి వెళ్లండి, అంగన్‌వాడీ టీచర్‌నో మహిళా పోలీసునో వెంటబెట్టుకుని వెళ్లండి. పెళ్లి మాటలు నడుస్తున్నాయని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. ఎబోలా తర్వాత సియెర్రా లియోన్‌లో గర్భం వచ్చిన ఆడపిల్లల్ని బడుల్లోకి రానివ్వకుండా ఉత్తర్వు పెట్టారు, అది 2020 దాకా తియ్యలేదు. అట్లాంటి తలుపు మనం ఏ పిల్లకీ వెయ్యొద్దు. మగపిలకాయలు గుంటల దగ్గరో క్వారీలోనో ఇటుక బట్టీలోనో పనిలో ఉంటారు, సంపాదన అలవాటైనవాడు రెండు మాటలకి రాడు, నాలుగైదు సార్లు వెళ్లాలి. వేరే ఊరి నుంచి వచ్చిన పిలకాయ టీసీ లేదంటే వెనక్కి పంపొద్దు. ఎనిమిదో తరగతి దాకా టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం విద్యాహక్కు చట్టం ప్రకారం కుదరదు. వయసుకి తగిన తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని కూడా ఆ చట్టంలోనే ఉంది.

రిజిస్టర్ నమూనా, మూసే రోజు జాబితా, చదివించి చూసే షీటు, మూడూ బయట బల్ల మీద ఉన్నాయి. బడికొక సెట్టు తీసుకోండి. సాయంత్రం ఫోన్లు చేసే పని ఈ నెలాఖరులోపు ప్రతి బడీ ఒకసారి చెయ్యాలని కోరుతున్నాను. ఎన్ని నంబర్లు మోగాయి, ఎన్ని మోగలేదు, ఆ రెండు అంకెలు మీ సీఆర్పీకి ఇవ్వండి, వచ్చే కాంప్లెక్స్ మీటింగ్‌లో వాటితోనే మొదలుపెడదాం. ఇప్పుడు ప్రశ్నలు అడగండి. కమిటీ నుంచి వచ్చిన అమ్మలు ముందు అడగండి.